మీటరు లేకుండా వెలిగినవాడు

పుస్తకం మంచిదా చెడ్డదా అని అడిగితే నేను చెప్పలేను. కదులుతుందా కదలదా అని అడిగితే మాత్రం లోపల ఒక్క పేజీ చదవకుండా చెబుతాను. కొట్టుకు వచ్చిన పిల్ల దాన్ని ఎలా పట్టుకుందో చూస్తే చాలు. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పేజీలు తిప్పుతూ ఉంటే కొనదు. రెండు చేతులతో పట్టుకుని పొట్టకు ఆనించుకుందంటే, వాళ్ల నాన్న ఎంత గదమాయించినా ఆ పుస్తకం ఇంటికి వెళ్లి తీరుతుంది. తణుకు బస్టాండు ఎదుట ముప్పై ఏళ్లుగా పుస్తకాల కొట్టు నడుపుతూ నేను నేర్చుకున్న సాహిత్య విమర్శ ఇంతే.

ఈ కథ జరిగే నాటికి పిల్లలు పొట్టకు ఆనించుకునే బొమ్మల పుస్తకం రాష్ట్రం మొత్తం మీద ఒక్కటే ఉండేది. దాని పేరు 'మిణుగురు'.

దాన్ని అచ్చువేసేది రాష్ట్ర సచిత్ర వీరగాథల సంస్థ. ప్రభుత్వ సంస్థ కాబట్టి జిల్లాకొక వీరుడు ఉండేవాడు. ఒక జిల్లాకు వీరుణ్ణి ఇచ్చి పక్క జిల్లాకు ఇవ్వకపోతే శాసనసభలో గొడవ అవుతుందని మొదట్లోనే అలా ఏర్పాటు చేశారు. పిడుగు భూషణం, ఉక్కు నారాయణ, మెరుపు మంగతాయారు, గ్రహాంతర గంగరాజు, ఇలా ఇరవైమంది దాకా ఉండేవారు. అందరూ కొండల్ని పిండి చేసేవాళ్లే, సముద్రాల్ని పుక్కిట పట్టేవాళ్లే. వాళ్ల పుస్తకాలు మా కొట్లో బల్లల కింద అమ్ముడుపోక పడి ఉండేవి.

మిణుగురు ఏమీ చేయడు. వెలుగుతాడు. అదీ రెండు గజాల మేర. బక్కపలచటి మనిషి, మోచేతి దగ్గర మాసిక వేసిన చొక్కా. ఎక్కడైనా కరెంటు పోయి, ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్ల భయపడితే వచ్చి పక్కన కూర్చుంటాడు. ఏవో నాలుగు కబుర్లు చెబుతాడు. కరెంటు రాగానే లేచి వెళ్లిపోతాడు. ముప్పై రెండు పేజీల్లో ఒక్క గుద్దు ఉండదు. ఆ బొమ్మలు వేసి, ఆ మాటలు రాసే ఆవిడ కొమ్మోజు సత్యవతి. మా ఊరే. తండ్రి అచ్చు దిమ్మెలు చెక్కేవాడు. ఆయన ఉలి ఈవిడ చేతిలో కుంచె అయింది. పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నన్ను అన్నయ్యగారూ అంటుంది.

సంస్థ సలహా సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. వర్తకుడొకడు ఉండాలని నిబంధన ఉండటం వల్ల నన్ను పెట్టారు. పద్దెనిమిదేళ్ల మినిట్స్ పుస్తకంలో నా గురించి ఉన్న వాక్యం ఒక్కటే: 'వర్తక ప్రతినిధి శ్రీ ఆకురాతి లింగమూర్తి హాజరైరి.'

ఆ ఏడు సంస్థకు కొత్త డైరెక్టరు వచ్చారు. గోనుగుంట్ల ప్రభాకరరావు గారు. అంతకుముందు ఆయన జిల్లాల పునర్విభజనకు ప్రత్యేకాధికారిగా చేశారు. కుర్చీలతో సహా ఉద్యోగుల్ని పాత జిల్లాల నుంచి కొత్త జిల్లాలకు పంచి పెట్టి, ఒక్క కుర్చీ కూడా మిగలకుండా చేశారని పేరు. మనుషులు కొందరు మిగిలారు గానీ, కుర్చీలు మిగల్లేదు. ఆయన రాగానే విదేశంలో పుస్తక ప్రదర్శన చూడటానికి ఆరు రోజులు వెళ్లివచ్చి, సమావేశం పెట్టారు.

"అక్కడ ఏం చేస్తున్నారో తెలుసా?" అన్నారు డైరెక్టరు గారు, నీళ్ల గ్లాసు మీద మూత తీసి మళ్లీ పెడుతూ. "ఏడాదికోసారి వీరులందరినీ ఒకే కథలోకి తెస్తున్నారు. విశ్వం బద్దలవుతోంది. కొత్త విశ్వం ఏర్పాటవుతోంది. కొందరు చచ్చిపోతున్నారు, కొందరు అసలు పుట్టనే లేదని తేలుతోంది. ఒక భాగం అర్థం కావాలంటే తొమ్మిది భాగాలూ కొనాలి. దానికి జనం వరసలు కట్టి నిలబడుతున్నారు."

"తొమ్మిదీ కొన్నాక అర్థమవుతోందాండీ?" అని అడిగాను.

"అర్థం కాకపోతే వచ్చే ఏడు మళ్లీ బద్దలవుతుంది."

"ఉన్నదాన్ని బద్దలుకొట్టి మళ్లీ అంటించడం దేనికండీ? మిణుగురు బాగానే కదులుతోందిగా."

"లింగమూర్తి గారూ, మీరు కొట్టు చూసుకునేవారు. విశ్వాన్ని చూసే దృష్టి వేరు."

అలా విశ్వ పునర్వ్యవస్థీకరణ మొదలైంది. ఆయనకు కథలు రావు. పునర్విభజన వచ్చు. కాబట్టి విశ్వాన్ని కూడా ఆ పద్ధతిలోనే బద్దలుకొట్టారు. పది రోజుల్లో ఉత్తర్వు వెలువడింది: 'ప్రస్తుత విశ్వము ఏప్రిల్ ఒకటవ తేదీ పూర్వాహ్నము నుండి రద్దగును. నూతన విశ్వము అదే తేదీ అపరాహ్నము నుండి అమలులోనికి వచ్చును. మధ్యాహ్న భోజన విరామమందు ఏ విశ్వమూ ఉండదు.'

వీరులందరి చేతా ఆప్షన్ ఫారాలు నింపించారు. నింపాల్సింది వాళ్ల రచయితలు. సీనియారిటీ జాబితా తయారైంది. పిడుగు భూషణం ముందు పుట్టాడా ఉక్కు నారాయణ ముందు పుట్టాడా అని మూడు వారాలు తర్జనభర్జన జరిగింది. భూషణాన్ని జూన్‌లో ఊహించి ఆగస్టులో అచ్చువేశారు. నారాయణను జులైలో ఊహించి అదే నెలలో అచ్చువేశారు. ఊహ తేదీ చెల్లుతుందా, అచ్చు తేదీ చెల్లుతుందా అని న్యాయశాఖకు రాశారు. విలన్లను జనాభా ప్రాతిపదికన పంచితే ఒక జిల్లాకు పావు విలన్ వచ్చాడు. వాణ్ణి పక్క జిల్లా నుంచి డెప్యుటేషన్ మీద వారానికి రెండు రోజులు రమ్మన్నారు.

అందరికంటే చిక్కు గంగరాజుతో వచ్చింది. అతను వేరే గ్రహం నుంచి నిప్పుముద్దలో పడి వచ్చాడు. స్థానికుడు కావాలంటే నాలుగో తరగతి నుంచి పదో తరగతి లోపు వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినట్టు ధ్రువపత్రం ఉండాలి. అతను చదివినట్టు ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని నలభై పేజీల ప్రత్యేక సంచిక వేశారు. అందులో గంగరాజు నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా బల్ల మీద కూర్చుని ఉంటాడు. ఆఖరి పేజీలో హెడ్మాస్టరు సంతకం, సీలు. నా కొట్లో అది రెండు కాపీలు పోయింది. ఒకటి పొరపాటున.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఒకరి పిచ్చి మన సరుకును ముట్టుకోనంత కాలం అది వినోదమే.

మార్చి సమావేశానికి బొమ్మలు వేసేవాళ్లను కూడా పిలిచారు. సత్యవతి బల్ల చివర కూర్చుంది. సూపరింటెండెంటు అబ్దుల్ రవూఫ్ గారు డైరెక్టరు గారి పక్కన ఫైళ్ల కట్టతో నిలబడ్డారు. రవూఫ్ గారికి సర్వీసు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ నమ్మరు.

"విశ్వం బద్దలైనాక ఒక్కరూ చావకపోతే రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు, బద్దలైనట్టు రుజువేదీ అని," అన్నారు డైరెక్టరు గారు. "కనీసం ఒక వీరుడు మరణించాలి. ఎవరు మిగులు?"

రవూఫ్ గారు కాగితం చదివారు. "మిణుగురు అండి. ఆయన జిల్లా పక్క జిల్లాలో కలిసిపోయింది, పోస్టు లేదు. బలం ఎన్ని అశ్వశక్తులో రాయమన్న గడిలో సున్నా ఉంది. ఓడించిన విలన్ల సంఖ్య, అదీ సున్నా."

"అమ్మకాల గడి ఏమైనా ఉందాండీ?" అన్నాను.

"ప్రొఫార్మాలో లేదు," అన్నారు రవూఫ్ గారు.

సత్యవతి లేచి నిలబడింది. ఆవిడ సమావేశాల్లో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఎలా చచ్చిపోతాడండీ? ఎవరితోనూ కొట్లాడ్డు కదా మావాడు."

"కొట్లాట అక్కర్లేదమ్మా," అన్నారు డైరెక్టరు గారు, ఎంతో ఓదార్పుగా. "పరిపాలనాపరమైన కారణాల వల్ల మరణించాడని రాయండి. చావు బొమ్మలు పదో తారీకు లోపు పంపించండి. నలుపు ఎక్కువ వాడకండి, సిరా ఖర్చు."

"నేను వెయ్యనండీ."

"మీరు వెయ్యకపోతే గంగరాజును వేసేవాడు వేస్తాడు. పాత్ర సంస్థది, మీది కాదు. అగ్రిమెంటు చూసుకోండి."

సమావేశం అయ్యాక ఇద్దరం మెట్లు దిగాం. ఆవిడ చేతిసంచీని పొట్టకు ఆనించుకుంది. వీధిలోకి వచ్చాక అడిగింది. "అన్నయ్యగారూ, గంగరాజును వేసేవాడు మావాడి కళ్లు వెయ్యలేడండీ. వాడు అందరికీ గుడ్లు మిటకరించినట్టే వేస్తాడు. చచ్చిపోయేటప్పుడు మావాడి మొహం అలాగుంటుందా?"

ఆవిణ్ణి బస్సు స్టాపు వైపు నడిపించాను. సరుకు పోతోందన్న బాధ ఒకటి ఉంది నిజమే, దాచను. కానీ నా కొట్లో పద్దెనిమిదేళ్లుగా ప్రతి సంచిక కట్ట విప్పగానే మొదటి కాపీ నేనే చదివేవాణ్ణి. అది ఎవరికీ చెప్పలేదు.

బస్సుకు ఇంకా టైముందని ఆవిణ్ణి కూర్చోబెట్టి, వెనక్కి సంస్థకు వెళ్లి రవూఫ్ గారికి టీ ఇప్పించాను.

"ఏమైనా దారుందాండీ?"

"ఏం దారి శెట్టిగారూ. సంతకం అయిపోయింది." ఆయన టీ ఊదుకున్నారు. "సొంతంగా చచ్చిపోయేవాణ్ణి ఎవరూ ఆపలేరు. డిపార్ట్‌మెంటు చంపాలంటే మాత్రం మనిషి ఫైలు శుభ్రంగా ఉండాలి. ఎంక్వైరీ ఏదైనా పెండింగులో ఉందనుకోండి, రిటైరు చెయ్యకూడదు, రద్దు చెయ్యకూడదు, ఏమీ చెయ్యకూడదు. తేలేదాకా అలా ఉంచాల్సిందే. మీవాడికేమో మచ్చలేదు. మచ్చలేనివాడికి మా దగ్గర రక్షణ లేదండి."

ఆయన అది నాకు చెప్పారో, టీ గ్లాసుకు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమ చేత్తో. 'అయ్యా, మిణుగురు అను వ్యక్తి గత పద్దెనిమిది సంవత్సరములుగా ఏ మీటరూ లేకుండా రాష్ట్రమంతటా వెలుగుచున్నాడు. ముఖ్యముగా కరెంటు కోత వేళలయందే వెలుగుట గమనార్హము. ఈ కరెంటు ఎక్కడినుండి లాగుచున్నాడు? పెద్దల అండ లేకుండా ఇది సాధ్యమా? ఇట్లు, ఒక ప్రజా శ్రేయోభిలాషి.' పదకొండు చోట్లకు నకళ్లు పంపాను. ఆకాశరామన్న ఉత్తరానికి విలువ లోపలి సంగతిలో ఉండదు, కింద రాసే 'ప్రతులు' అన్న జాబితాలో ఉంటుంది.

సంతకం పెట్టి నేను పద్దెనిమిదేళ్లలో సంస్థకు రాసిన ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు. సంతకం లేనిదానికి నాలుగు రోజుల్లో వచ్చింది. మిణుగురు మీద విద్యుచ్చౌర్యం అభియోగం మోపి, విచారణ పూర్తయ్యే వరకు సస్పెండు చేశారు. మరణాన్ని వాయిదా వేశారు.

నిబంధనల ప్రకారం సస్పెన్షన్‌లో ఉన్నవాడికి సగం జీతమే. అందుకని ఇక మీదట అతన్ని సగం వెలుగుతో, అంటే గజం మేర మాత్రమే, వేయాలని సత్యవతికి మెమో వచ్చింది. ప్రధాన కార్యాలయం విడిచి వెళ్లరాదని కూడా ఉంది. ఆ నెల సంచికలో ఒక పిల్ల కరెంటు పోయి ఏడుస్తుంది. మిణుగురు వెళ్లడానికి అనుమతి కోరుతూ అర్జీ పెడతాడు. అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్తుంది. ఇరవై తొమ్మిదో పేజీలో అనుమతి వచ్చేసరికి కరెంటు వచ్చేసి, పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉంటుంది. సత్యవతి అది ఎగతాళిగా వేయలేదు. మెమోలో ఉన్నది ఉన్నట్టు వేసింది. సంస్థ వారికి ఎంతో నచ్చి, కార్యాలయ విధివిధానాలను చక్కగా వివరించినందుకు ప్రశంసాపత్రం పంపారు.

ఏప్రిల్ ఒకటిన విశ్వం బద్దలైంది. తొమ్మిది భాగాలు. మొదటి రెండు భాగాల నిండా వీరులు పెద్ద హాల్లో కూర్చుని అజెండా చదువుతూ ఉంటారు. మూడో భాగంలో కోరం లేక విశ్వం బద్దలవడం గంట సేపు వాయిదా పడుతుంది. మిణుగురుకు బదులు జాబితాలో అతని పైన ఉన్న మెరుపు మంగతాయారును చంపారు. ఆవిడ జిల్లా వాళ్లు రెండు రోజులు రోడ్డు మీద బైఠాయించారు. 'కుమారి మంగతాయారు మరణమును ఇందుమూలముగా రద్దుపరచడమైనది' అని ఉత్తర్వు ఇచ్చి, ఆరో భాగంలో బతికించారు. ఈలోగా ఆవిడ తమ్ముడు కారుణ్య నియామకం కింద మెరుపుగా చేరిపోయాడు. ఒక పోస్టులో రెండు మెరుపులు ఉండకూడదు కాబట్టి, ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు ధ్రువపత్రం దాఖలు చేయాలన్న షరతు మీద ఆవిణ్ణి ఉరుము పోస్టులో సర్దారు.

ఆ తొమ్మిది భాగాల కట్టలు నా కొట్లో విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. ఒక్క పిల్ల కూడా పొట్టకు ఆనించుకోవడం చూడలేదు.

జులైలో డైరెక్టరు గారు కారణం కనిపెట్టారు. "మరణించవలసినవాడు మరణించకపోవడం వల్లనే పాఠకుల్లో నమ్మకం సడలింది. ఆ విచారణ ఏమైంది? వెంటనే తేల్చాలి."

తేల్చడానికి విచారణాధికారిగా వసుంధరాదేవి గారిని వేశారు. ఆ పేరు వినగానే నాకు నీరసం వచ్చింది. ఆవిడ లంచం తీసుకోదు. సాకులు వినదు. ఎంతటి ఫైలైనా నెలలో మూసేస్తుంది. ఇన్నాళ్లూ నేను సంస్థ సోమరితనం మీద భారం వేసి వ్యాపారం చేశాను. నిజాయితీ గల మనిషి ఒకరు మధ్యలో దిగుతారని లెక్కలో వేసుకోలేదు. ఆవిడ పది నిమిషాలు కూర్చుంటే చాలు, మిణుగురు నిర్దోషి అని తేలిపోతుంది. తేలిన మర్నాడే చంపేస్తారు.

ఆ మాట చెప్పడానికి సత్యవతి ఇంటికి వెళ్లాను. కిటికీ దగ్గర బల్ల మీద వంగి కుంచెతో మాసిక కుట్లు వేస్తోంది, మిణుగురు చొక్కాకి.

"అమ్మా, రేపు విచారణలో వాడి తరఫున నిన్ను పిలుస్తారు. వాడు అమాయకుడని మాత్రం చెప్పకు."

ఆవిడ కుంచె కిందపెట్టింది. "మరి దొంగ అని చెప్పమంటారా?"

"దొంగ అని ఒప్పుకోవద్దు, కాదనీ అనొద్దు. తెలీదను. గుర్తులేదను. నానబెట్టు. వాళ్ల దగ్గర మంచివాడు చస్తాడమ్మా, అనుమానం ఉన్నవాడు బతుకుతాడు. నేను చేసిన రూలు కాదు."

"ఉత్తరం మాత్రం మీరు రాసిందే."

నేను కిటికీలోంచి వీధి వైపు చూశాను.

"అభియోగపత్రంతో నకలు పంపారు కదండీ. చూసిన నిమిషానే తెలిసింది. ఎడం చేత్తో రాస్తే మాత్రం? మనిషి గీత మనిషిదే. మా నాన్న దిమ్మె చెక్కేటప్పుడు నాకు నేర్పింది అదొక్కటే." గొంతు పెంచలేదు. "నాలుగు నెలల్నుంచీ వాణ్ణి గజం వెలుగులో వేస్తున్నాను అన్నయ్యగారూ. నా చేత్తో నేనే తగ్గించాను. ఊళ్లో పిల్లలు అడుగుతున్నారు, నిజంగా కరెంటు దొంగిలించాడా అత్తా అని. వాడి ప్రాణం ఒక్కటే చూశారు మీరు. వాడి పేరు ఎవరు చూస్తారు?"

"పేరు తర్వాత చూసుకోవచ్చమ్మా, ప్రాణం ఉంటే."

"కొట్లో సరుకైతే అలాగే చూసుకోవచ్చండి. నేను అబద్ధం చెప్పను." మళ్లీ కుంచె తీసుకుంది. "వాడు దొంగ కాదని చెబుతాను. తెలీదనీ అనను. కాఫీ పెట్టమంటారా?"

కాఫీ వద్దని వచ్చేశాను. నా లెక్క ప్రకారం మిణుగురు ఆయుష్షు ఇక ఒక రోజు.

మర్నాడు సంస్థ మేడ మీద హాల్లో విచారణ. వసుంధరాదేవి గారు సన్నటి మనిషి, కళ్లజోడుకు తాడు. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేశారు, నిందితుడికి. దాని మీద సత్యవతి వేసిన మిణుగురు బొమ్మను ఆనించి పెట్టారు. డైరెక్టరు గారు, రవూఫ్ గారు ఒక పక్కన. నేను గోడ పక్కన.

"అమ్మా," అన్నారు వసుంధరాదేవి గారు, "నేను పుస్తకాలన్నీ చదివాను. ఒక్క తీగ గానీ, ఒక్క స్విచ్చి గానీ నాకు కనిపించలేదు. ఈ అభియోగంలో పస లేదు. మీరు కాదంటే నేను సాయంత్రానికి మూసేస్తాను. నిందితుడు దొంగతనం చేశాడా?"

"లేదండీ. చెయ్యలేదు," అంది సత్యవతి.

డైరెక్టరు గారు రవూఫ్ గారి వైపు చూశారు. రవూఫ్ గారు మరణ ఉత్తర్వు ఫైలు పైకి తీశారు.

"అయితే అంతే," అన్నారు వసుంధరాదేవి గారు, కలం మూత తీస్తూ.

"అంతే కాదండి," అంది సత్యవతి. "అభియోగపత్రంలో ఆఖరి పేరా ఉంది. నిందితుడు తన పక్షాన సాక్షుల్ని పేర్కొనవచ్చును, వారిని ఒక్కొక్కరిగా విచారించవలెను అని. మా సాక్షులున్నారండి."

"ఎంతమంది?"

సత్యవతి తలుపు వైపు తిరిగింది. రిక్షా కార్మికులిద్దరు మూడు గోనెసంచులు లోపలికి ఈడ్చుకొచ్చి, మూతి విప్పి బోర్లించారు. కార్డులు. పోస్టుకార్డులు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలు మిణుగురుకు రాసినవి, సత్యవతి దాచినవి. బల్ల కిందికి, కుర్చీల కిందికి, డైరెక్టరు గారి బూట్ల మీదికి జారాయి. ప్రతి కార్డు మీదా పేరు, ఊరు, ఎర్ర సిరాతో వరస సంఖ్య.

"ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు మందండి. వాడు ఎక్కణ్ణుంచి వెలుగుతాడో వీళ్లకు తెలుసు."

డైరెక్టరు గారు బూట్లు వెనక్కి లాక్కున్నారు.

"ఇది విచారణను సాగదీసే కుట్ర," అన్నారు డైరెక్టరు గారు.

"వీళ్లంతా చెప్పేది ఒకటే కదమ్మా?" అన్నారు వసుంధరాదేవి గారు. "ఓ నలుగుర్ని అడిగితే సరిపోదా?"

"ఏమోనండీ. అడిగితే కదా తెలిసేది. అడక్కుండా అందరూ ఒకటే చెప్పారని మీరెలా రాస్తారు?"

వసుంధరాదేవి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఇంకెవరైనా అయితే ఎలాగో రాసేసేవారు. "రాయలేను," అన్నారు చివరికి. రవూఫ్ గారు మరణ ఉత్తర్వు ఫైలును ఫైళ్ల కట్టలో అన్నిటికంటే అడుగుకు తోసి, ముడి బిగించారు.

నేను గోడ పక్కనే లెక్క వేశాను. నిబంధన ప్రకారం రోజుకు ముగ్గురు సాక్షులు. సెలవులు పోను ఏడాదికి రెండు వందల ఇరవై రోజులు. యాభై ఎనిమిదేళ్ల రెండు నెలలు. అందులో ఒక్కరు కూడా అబద్ధం చెప్పనక్కర్లేదు. నా ఎడమ చేతి తెలివి దీని ముందు చిల్లర కొట్టు.

ఆ తర్వాత సంస్థ చేసింది సంస్థ చేయగలిగిందే. విచారణలో ఉన్న వీరుడు ఉండటానికి ఒక విశ్వం ఉండాలి కాబట్టి పాత విశ్వాన్ని యాభై ఎనిమిదేళ్లపాటు తాత్కాలికంగా పునరుద్ధరించారు. అనుమానం ఉన్నవాడికే రక్షణ ఉందని తెలిసి, మిగతా జిల్లాల పెద్దలు తమ వీరుల మీద కూడా ఏదో ఒక అభియోగం మోపాలని వినతిపత్రాలు ఇచ్చారు. ఉక్కు నారాయణ మీద ఇనుము అక్రమ నిల్వ కేసు పెట్టించుకున్నారు. గంగరాజు పదో తరగతి పత్రం నకిలీదని తేలడంతో అతని జిల్లాలో మిఠాయిలు పంచారు. ప్రభాకరరావు గారిని మత్స్యశాఖకు మార్చారు. అక్కడ ఆయన చేపలను మంచినీటి చేపలుగా, ఉప్పునీటి చేపలుగా ఆప్షన్ అడుగుతున్నారని విన్నాను.

మొదటి సాక్షి రోజున నేను వెళ్లాను. ఆ రోజు వంతు ముగ్గురిదే అయినా మెట్ల మీద నుంచి వీధి దాకా వరస ఉంది. కొందరి చంకల్లో వాళ్ల పిల్లలున్నారు. ఒకటో నంబరు కార్డు రాసినవాడు ఇప్పుడు ముప్పై ఏళ్ల మనిషి. విద్యుత్ శాఖలో లైన్‌మెన్. ఖాకీ చొక్కాతోనే వచ్చాడు, పేరు బొంతు యేసుదాసు.

"నిందితుడు మీటరు లేకుండా వెలగడం మీరు చూశారా?" అని అడిగారు వసుంధరాదేవి గారు.

"చూశానండి."

"అది కరెంటు దొంగతనం అని మీకు అనిపించిందా?"

"మేడమ్, నేను పొద్దున లేస్తే తీగల మీద దొంగ కొక్కేలు పీకేవాణ్ణి. దొంగ కరెంటు ఎలాగుంటాదో నాకు తెలుసండి. అది మినుకు మినుకుమంటాది, మనిషి చూస్తే ఆరిపోద్ది. ఇది అలాంటిది కాదండి."

"మరి ఎలాంటిది?"

యేసుదాసు టోపీ చేతిలో తిప్పాడు. "మా అమ్మ ఆసుపత్రిలో ఉందండి నెల రోజులు. నాన్న అక్కడే. ఇంట్లో నేనూ, మా చెల్లెలూ. దానికి ఆరేళ్లు. కరెంటు పోయేదండి. పుస్తకం మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. అది ఏడ్చేది కాదండి. అంతే. ఇంకేం చెప్పమంటారు?"

స్టెనో టైపు చేయడం ఆపి తలెత్తాడు. వసుంధరాదేవి గారు ప్రశ్నల కాగితం మీద వేలు పెట్టి తర్వాతి ప్రశ్న వెతికారు. దొరికినట్టు లేదు. కాగితంలో లేని ప్రశ్న అడిగారు.

"మీ చెల్లెలు ఇప్పుడెక్కడుంది?"

"ఇక్కడే ఉందండి, వరసలో నా ఎనకాల. రెండో నంబరు దానిదేనండి."

వసుంధరాదేవి గారు రవూఫ్ గారి వైపు చూసి తలూపారు. ఆయన గుమ్మం దగ్గరికి వెళ్లి, మెట్ల కింద దాకా వినపడేలా, ఎప్పుడూ లేనంత గట్టిగా పిలిచారు.

"రెండో సాక్షీ!"